లాగిన్ వెనకున్న దుంగ

ఆ మధ్య ఒకరోజు పొద్దున్నే మా నాన్న ఫోన్ చేసి, "ఒరే, మన కాయితం ఎవరి లాగిన్‌లోనో ఉండిపోయిందిటరా. ఇంతకీ లాగిన్ అంటే ఏవిటి? గదా, బీరువానా?" అని అడిగాడు.

సంగతేంటంటే, తాతగారి పేరున ఉన్న రెండెకరాలు నాన్న పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టి చాలా రోజులైంది. ఆఫీసుకి ఎప్పుడు వెళ్ళినా "మా దగ్గర అయిపోయిందండీ, సార్ లాగిన్‌లో ఉంది" అంటున్నారట. ఇంకో రోజు వెళ్తే "పై లాగిన్‌కి వెళ్ళింది" అన్నారట. నాన్న ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో గుమాస్తాగా చిట్టా రాసిన మనిషి. కాయితం ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేని ఆఫీసుని ఆయన జన్మలో చూళ్ళేదు.

"లాగిన్ అంటే లోపలికి వెళ్ళడం నాన్నా, కంప్యూటర్లోకి" అన్నాను. "ఇన్ అంటే లోపల, అది నాకూ తెలుసు. ఆ లాగేది ఏవిటి?" అన్నాడు. ఇరవయ్యేళ్ళ నించి రోజుకి పాతికసార్లు లాగిన్ అయ్యేవాణ్ణి, సమాధానం చెప్పలేకపోయాను. సాయంత్రం చేసి చెప్తానని పెట్టేశాను. ఆ సాయంత్రానికి తెలిసినవీ, ఆ తర్వాత పోగేసినవీ కలిపి ఈ టపా. కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

అది నిజంగా దుంగే

ఇంగ్లీషులో లాగ్ అంటే దుంగ. లాగిన్‌లో ఉన్న లాగ్ కూడా ఆ దుంగే. పోలిక కోసం చెప్పటం లేదు, అసలు సిసలు చెక్కముక్క గురించే చెప్తున్నా.

నడిసముద్రంలో ఓడ ఎంత వేగంతో పోతోందో ఎలా తెలుస్తుంది? గట్టు మీదైతే మైలురాళ్ళున్నాయి. నీళ్ళలో ఏముంది? వేగం తెలియకపోతే ఎంత దూరం వచ్చామో తెలియదు, అది తెలియకపోతే ఎక్కడున్నామో తెలియదు, చీకట్లో ఏ రాతికో కొట్టుకుంటాం. అంచేత పాత నావికులు ఓ మోటు ఉపాయం పట్టారు. ఓడ ముందు భాగం దగ్గర ఓ చెక్కముక్క నీళ్ళలో పడేసి, అది వెనక భాగం దాటేదాకా లెక్కపెట్టుకోవడం. ఓడ పొడవు 30 మీటర్లనుకోండి, చెక్క దాటడానికి 10 సెకన్లు పట్టిందనుకోండి, సెకనుకి 3 మీటర్లు. అంతే.

దీనికి మెరుగైన పద్ధతి 16వ శతాబ్దంలో వచ్చింది. 1574లో విలియం బోర్న్ అనే ఇంగ్లీషాయన నావికుల కోసం రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. తర్వాత్తర్వాత స్థిరపడిన రూపం ఇదీ: పావు వృత్తం ఆకారంలో ఓ చెక్క. నీళ్ళలో నిటారుగా నిలబడ్డానికి దాని వంపు అంచుకి సీసం బిగిస్తారు. చెక్కకి పొడుగాటి తాడు కడతారు. తాడుకి సమాన దూరాల్లో ముళ్ళు. చెక్కని ఓడ వెనక నించి నీళ్ళలోకి వదిలితే అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది, ఓడ ముందుకి పోతుంది, తాడు చేతిలోంచి జారుతూ ఉంటుంది. ఇంకొకడు ఇసక గడియారం తిరగేసి పట్టుకుంటాడు. ఇసక అయిపోగానే "ఆపు" అంటాడు. అప్పటికి ఎన్ని ముళ్ళు జారాయో అదే ఓడ వేగం.

ఇప్పటికీ ఓడలకీ విమానాలకీ, ఆఖరికి మన తుఫాను వార్తల్లో గాలికీ వేగం 'నాట్ల'లో చెప్తారు చూడండి, ఆ నాట్ ఈ ముడే. లెక్క కూడా భలే ఉంటుంది. 28 సెకన్ల ఇసక గడియారానికి ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు, అంటే 14.4 మీటర్లు. గంటకి 3600 సెకన్లు, 28తో భాగిస్తే సుమారు 128.6. దాన్ని 14.4తో గుణించండి. 1852 మీటర్లు వస్తుంది. నాటికల్ మైలు సరిగ్గా అంతే. గంటలో ఎన్ని మైళ్ళో, 28 సెకన్లలో అన్ని ముళ్ళు. క్యాలిక్యులేటర్ అక్కర్లేకుండా లెక్కని తాడులోనే కట్టేశారు. ఇంత శుభ్రమైన డిజైన్ మా ప్రాజెక్టుల్లో నేనైతే చూళ్ళేదు.

లెక్క అయ్యాక తాడుని ఒక్క గుంజు గుంజితే చెక్కకున్న బిరడా ఊడి, అది నీళ్ళ మీద అడ్డంగా పడుకుంటుంది. అప్పుడు లోపలికి లాగేస్తారు. లాగ్‌ని లాగడం అన్నమాట! మన లాగుకీ వాళ్ళ లాగ్‌కీ చుట్టరికం ఏమీ లేదు. కాకపోతే నాన్నకి చెప్పడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

చెక్క నించి పుస్తకానికి

గంటకోసారో రెండు గంటలకోసారో దుంగ వేసి కొలిచిన వేగాన్ని, దాంతోబాటు దిక్కునీ గాలినీ ముందు ఓ పలక మీద సుద్దతో రాసేవాళ్ళు. తర్వాత దాన్ని పుస్తకంలోకి ఎత్తేవాళ్ళు. దుంగ లెక్కల పుస్తకం కాబట్టి అది లాగ్ బుక్. ఈ మాట 17వ శతాబ్దం చివరికి వాడుకలోకొచ్చింది. జనం ఎప్పుడూ మాటల్ని కురచ చేస్తారు కాబట్టి లాగ్ బుక్ కాస్తా వట్టి లాగ్ అయింది. 19వ శతాబ్దం మొదట్లో అది క్రియ కూడా అయింది. లాగ్ చెయ్యడం అంటే పుస్తకంలోకి ఎక్కించడం. ఇక్కడితో దుంగ మునిగిపోయి పుస్తకం మిగిలింది.

(పదో క్లాసులో మనల్ని ఏడిపించిన లాగరిథం దీనికి ఏమీ కాదు. అది 1614లో జాన్ నేపియర్ గ్రీకు మాటల్ని కలిపి కట్టిన పదం. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే, ఊరు వేరు.)

లాగ్ బుక్కుకి కొన్ని నియమాలున్నాయి. ఎప్పటిది అప్పుడే రాయాలి. ఎవరి కాపలాలో జరిగింది వాళ్ళే రాసి సంతకం పెట్టాలి. తప్పు రాస్తే చెరపకూడదు, కాయితం చింపకూడదు. కింద రాసింది కనపడేలా ఒక్క గీత మాత్రం కొట్టి, పక్కన పొడి సంతకం చేసి, సరైనది రాయాలి. ఇది నాన్నకి చెప్తే ఆయన నవ్వాడు. "మా చిట్టా కూడా అంతేగా! కొట్టివేత ఉంటే పక్కన పొడి సంతకం. బ్లేడుతో గీకితే షావుకారు ఉద్యోగం పీకేసేవాడు" అన్నాడు.

ఎందుకింత పట్టింపు? ఓడకి ఏదన్నా అయితే మాట్లాడ్డానికి మిగిలేది ఆ పుస్తకం ఒక్కటే కాబట్టి. మేరీ సెలెస్ట్ అనే ఓడ 1872 డిసెంబర్లో అట్లాంటిక్‌లో మనిషన్నవాడు లేకుండా తేలుతూ దొరికింది. కెప్టెనూ భార్యా చిన్న కూతురూ ఏడుగురు నావికులూ ఏమయ్యారో ఇప్పటికీ తెలీదు. తెలిసిందల్లా పలక మీద ఉన్న ఆఖరి రాత: నవంబర్ 25 పొద్దున 8 గంటలకి అజోర్స్ దీవుల్లో శాంటా మరియా దగ్గర ఉన్నారు. అంటే అప్పటిదాకా బతికున్నారు, ఆ తర్వాత తొమ్మిది రోజులు రాసేవాడు లేడు. పది మంది జీవితాల గురించి మనకున్న చివరి సాక్ష్యం ఓ సుద్ద రాత.

రెండు పుస్తకాలు రాసినవాడు

లాగ్‌ల చరిత్రలో నన్ను అన్నిటికన్నా పట్టుకున్న కథ ఇంకోటి. డొనాల్డ్ క్రౌహర్స్ట్ అని ఇంగ్లండులో ఓ చిన్న ఎలక్ట్రానిక్స్ వ్యాపారి. మనలాంటి ఇంజినీరే అనుకోండి. 1968లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా పడవలో భూమి చుట్టి రావాలని ఓ పత్రిక పందెం పెట్టింది. వ్యాపారం మునిగిపోతున్న క్రౌహర్స్ట్ అప్పులు చేసి, ఇల్లు తాకట్టు పెట్టి, పూర్తిగా తయారుకాని పడవతో అక్టోబర్ 31న బయల్దేరాడు. రెండు వారాలకే తెలిసిపోయింది, ఈ పడవ దక్షిణ సముద్రాల్లో తట్టుకోదని. ముందుకెళ్తే చావు, వెనక్కెళ్తే దివాళా.

అతను మూడో దారి పట్టాడు. అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ, రేడియోలో మాత్రం భూమి చుట్టి వస్తున్నట్టు లెక్కలు పంపాడు. వాటికి తగ్గట్టు దొంగ లాగ్ తయారు చెయ్యడం మొదలెట్టాడు. ఇది మాటలు కాదు. మామూలుగా సూర్యుణ్ణి చూసి, లెక్క కట్టి, ఎక్కడున్నామో కనుక్కుంటారు. ఇతను లేని చోటు ముందు అనుకుని, అక్కడ సూర్యుడు ఎలా కనపడాలో వెనక్కి లెక్క కట్టాలి. నిజంగా చుట్టి రావడం కన్నా ఇది తెలివైన పని.

ఆ అబద్ధం అక్కడితో ఆగలేదు. పందెంలో ముందున్న నైజెల్ టెట్లీ అనే ఆయన క్రౌహర్స్ట్ తరుముకొస్తున్నాడని నమ్మి, దెబ్బతిన్న పడవని విశ్రాంతి లేకుండా తోలాడు. 1969 మేలో, ఇంటికి దగ్గర్లోనే, ఆ పడవ విరిగి మునిగింది. మనిషి మాత్రం బతికాడు. దాంతో క్రౌహర్స్ట్ గెలిచేట్టు అయింది. గెలిస్తే పుస్తకాలు తనిఖీ చేస్తారు. జులై 1తో అతని రాతలు ఆగిపోయాయి. జులై 10న ఖాళీ పడవ దొరికింది. అందులో లాగ్ పుస్తకాలు భద్రంగా ఉన్నాయి, నిజం రాసినవి కూడా. వాటివల్లే మోసం బయటపడింది. పందెం పూర్తి చేసిన ఏకైక మనిషి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ తనకొచ్చిన అయిదు వేల పౌన్ల బహుమతిని క్రౌహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు.

నాకు అర్థం కానిది ఒకటే. దొంగ పుస్తకం రాస్తున్నవాడు నిజం పుస్తకం ఎందుకు ఉంచుకున్నాడు? ఆచరణలో జవాబు సులువే, నిజంగా ఎక్కడున్నాడో తెలియకపోతే మునిగిపోతాడు కాబట్టి. కానీ ఆఖర్న కూడా దాన్ని నీళ్ళలో పారెయ్యలేదు చూడండి, అక్కడే ఆగిపోతాను నేను.

హాజరు పట్టీ నించి ఎమ్ఐటీకి

సరే, 'ఇన్' ఎక్కణ్ణించొచ్చింది? ఫ్యాక్టరీ గేటు దగ్గర్నించి అని నా అభిప్రాయం. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి పనివాళ్ళు వచ్చే పోయే వేళల్ని నమోదు చేసే గడియారం తయారుచేశాడు. 1889లో అన్నదమ్ములు కలిసి కంపెనీ పెట్టారు. అది ఇంకొన్నిట్లో కలిసి, 1911లో ఇంకా పెద్ద కంపెనీ అయి, 1924లో పేరు మార్చుకుంది. ఆ కొత్త పేరు ఐబీఎమ్. అంటే కంప్యూటర్ల పెద్దన్నగారి పునాదుల్లో ఓ రాయి హాజరు గడియారం! వచ్చినప్పుడు క్లాక్ ఇన్, పోయినప్పుడు క్లాక్ అవుట్. సైన్ ఇన్, చెక్ ఇన్ అన్నీ ఆ కుటుంబమే. ఇన్ అంటే ఇక్కడ గదిలోకి రావడం ఒక్కటే కాదు, పుస్తకంలోకి ఎక్కడం కూడా.

1961 నవంబర్లో ఎమ్ఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటర్ని చాలామంది ఒకేసారి వాడుకునే పద్ధతిని చూపించింది. పేరు సీటీఎస్ఎస్. నడిచింది ఐబీఎమ్ యంత్రం మీదే. అప్పటిదాకా కంప్యూటర్ అంటే మీ కార్డుల కట్ట ఇచ్చి, వంతు వచ్చేదాకా కూర్చోవడం. ఇప్పుడు ఒకే యంత్రానికి చాలామంది యజమానులు. ఎవరు ఎంతసేపు వాడారు? ఎవరి ఫైళ్ళు ఎవరివి? సమయం బంగారం కన్నా ఖరీదు, మనిషికింతని వాటా. అంచేత కూర్చోగానే నీ పేరు పద్దులో రాయించుకో, లేచేప్పుడు లెక్క మూయించుకో అన్నారు. ఆ ఆదేశాలకి పెట్టిన పేర్లే లాగిన్, లాగౌట్. 1963లో అచ్చయిన దాని మాన్యువల్లో ఇవి ఉన్నాయి.

కాబట్టి లాగిన్ అనేది పుట్టుకతో తలుపు తాళం కాదు, పద్దు. 'నేను ఫలానా, ఈ వేళకి వచ్చాను, ఇక్కణ్ణించి జరిగేదానికి నాది పూచీ' అని రాసివ్వడం. తాళం, అంటే పాస్‌వర్డ్, ఆ పద్దు నిజమని నమ్మించడానికి వచ్చిన తోడు. మనం ఇప్పుడు తోడునే పెళ్ళికొడుకు అనుకుంటున్నాం.

ఆ తాళం కూడా త్వరలోనే విరిగింది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలే వాటా. చాలక, పాస్‌వర్డుల ఫైలుని అచ్చు వెయ్యమని యంత్రాన్నే కార్డు ద్వారా అడిగాడు. వేసిచ్చింది. ఇంక అందరి పేరు మీదా లాగిన్ అయి పని చేసుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత గానీ ఒప్పుకోలేదు. 1966లో ఇంకో తమాషా. ఇద్దరు నిర్వాహకులు ఒకే వేళకి రెండు ఫైళ్ళు దిద్దుతుంటే అవి తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాడికీ ఆ రోజు ప్రకటనకి బదులు అందరి పాస్‌వర్డులూ కనపడ్డాయి. కార్బటో ఇదంతా దాచకుండా తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చెప్పాడు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళయ్యేది ఇలాంటి వాటివల్లే.

'లో' దగ్గర ఆగిన లాగిన్

క్రౌహర్స్ట్ పడవ దొరికిన మూణ్ణెల్ల తర్వాత, 1969 అక్టోబర్ 29 రాత్రి పదిన్నరకి, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి కీబోర్డు ముందు కూర్చున్నాడు. గురువు లెనార్డ్ క్లైన్‌రాక్. 500 కిలోమీటర్ల పైన ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో బిల్ దువాల్. ఇద్దరి మధ్యా ఫోను లైను కూడా ఉంది. ఇక్కడి కంప్యూటర్ నించి అక్కడి కంప్యూటర్లోకి లాగిన్ కావాలి, అంతే పని. ఎల్ కొట్టాడు, వచ్చిందన్నారు. ఓ కొట్టాడు, వచ్చిందన్నారు. జీ కొట్టాడు. అవతలి యంత్రం తెలివిగా "ఓహో, లాగినా!" అని మిగతా అక్షరాలు తనే పూర్తి చేసి ఒకేసారి వెనక్కి పంపబోయి కుప్పకూలింది. ఓ గంట తర్వాత సరిచేసి మళ్ళీ చేస్తే పనిచేసింది.

తర్వాత ఇంటర్నెట్ అయిన ఆ నెట్‌వర్క్ మీద వెళ్ళిన మొదటి సందేశం 'లో'. లాగిన్‌లో మొదటి రెండక్షరాలు. ఇది ఆ రాత్రే జరిగిందని మనకెలా తెలుసు? వాళ్ళ దగ్గర ఓ నోటు పుస్తకం ఉంది. అందులో 22:30 అని వేసి, అవతలి యంత్రంతో మాట్లాడామని క్లైన్ చేత్తో రాసి పొడి సంతకం పెట్టాడు. ప్రపంచంలో అతి ముఖ్యమైన లాగిన్‌కి సాక్ష్యం ఓ కాయితం లాగ్ బుక్!

ఇన్నా, ఆన్నా?

వాడుక సంగతి కొంచెం. యూనిక్స్ వాళ్ళది లాగిన్, ఐబీఎమ్ పెద్ద యంత్రాల వాళ్ళది లాగాన్, లాగాఫ్. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో మనమూ లాగాన్, లాగాఫ్ అనే చూశాం. 2012లో విండోస్ 8 వచ్చాక అది సైన్ ఇన్ అయింది. అర్థంలో తేడా లేదు, ఇంటి ఆచారం తేడా. ఇంగ్లీషులో క్రియ అయితే రెండు ముక్కలుగా, నామవాచకం అయితే ఒక్క ముక్కగా రాయాలి. అందుకే భూతకాలంలో 'ఎడ్' లాగ్‌కి తగులుతుంది గానీ లాగిన్ చివర తగలదు. మా ఆఫీసు మెయిళ్ళలో ఇది సగం మంది తప్పే రాస్తారు, ఒకప్పుడు నేనూ.

తెలుగుకి ఈ బాధే లేదు. మనం మొత్తాన్ని ఒక్క నామవాచకం కింద మింగేసి 'అవ్వు' తగిలించాం. లాగినయ్యాను, లాగినవ్వలేదు, లాగినైతే చూడు. శుభ్రంగా ఉంది.

బ్లాగు కూడా ఈ దుంగ మనవడే. 1997లో జార్న్ బార్గర్ తను వెబ్‌లో చూసినవాటి పద్దుని వెబ్‌లాగ్ అన్నాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దాన్ని సరదాకి వేరేచోట విరిచి 'వీ బ్లాగ్' అన్నాడు. మనవాళ్ళు దానికి ఉకారం తగిలించి బ్లాగు, బ్లాగరు, బ్లాగులోకం అన్నారు. నేను ఇప్పుడు రాస్తున్న ఈ టపా కూడా 16వ శతాబ్దం నావికుడు నీళ్ళలోకి విసిరిన చెక్కముక్కకి ముని మునిమనవడన్నమాట.

మన లాగిన్‌కి మూడు అర్థాలు

తెలుగు వాడుకలో దీనికి రకరకాల అర్థాలున్నాయి. ఒకటి, డ్యూటీ ఎక్కడం. హైదరాబాదులో క్యాబ్ డ్రైవరూ, తిండి తెచ్చే కుర్రాడూ "పొద్దున ఆరింటికి లాగినయ్యానన్నా" అంటారు. ఇది బండీగారి గడియారం అర్థమే. రెండు, తాళంచెవి. "నీ లాగిన్ ఓసారి ఇవ్వవా" అంటే పేరూ పాస్‌వర్డూ ఇమ్మని. మూడోది మా నాన్నకి తగిలింది, అధికారి బల్ల. "సార్ లాగిన్‌లో ఉంది" అంటే సారుగారి బల్ల మీద ఉందని.

నాకు భయం వేసేది ఈ రెండూ మూడూ కలిసినప్పుడు. సారుగారి లాగిన్ ఇంకెవరి చేతిలోనో ఉంటే, అప్పుడు కాయితం ఎవరి బల్ల మీదున్నట్టు? నొక్కింది ఒకరు, పద్దులో పేరు ఇంకొకరిది. షెర్ నాలుగు గంటల కోసం చేసిన పనిని మనం ఆఫీసుల్లో సౌకర్యం పేరుతో రోజూ చేస్తున్నాం. సాఫ్ట్‌వేర్ వాళ్ళం మాత్రం తక్కువా? టీమంతటికీ ఒకటే అడ్మిన్ లాగిన్, పాస్‌వర్డు బోర్డు మీద!

లాగ్‌కి తెలుగులో చక్కటి మాట ఉంది, చిట్టా. తెలుగు వికీపీడియాలో అదే వాడతారు. "వాడి చిట్టా విప్పుతా" అన్నప్పుడు దాని బరువు తెలుస్తుంది.

నా చిట్టా

క్రౌహర్స్ట్ గురించి అంత తెలిసినట్టు ఎందుకు రాశానో చెప్పకపోతే ఈ టపాకి అర్థం లేదు.

చాలా ఏళ్ళ క్రితం, నేను ఒక సపోర్ట్ ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. రాత్రి కాల్ నాది. రెండుంపావుకి ఓ బ్యాచ్ ఆగిపోయింది. కాపలా ఆపరేటరు, కాంట్రాక్టు కుర్రాడు, నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. నిద్రపోయాను. మూడున్నర దాటాక మెలకువొచ్చి చూసుకుని, 3:40కి లాగినయ్యాను, సరిచేశాను. పొద్దున రిపోర్టులో 'ఇంజినీరుకి తెలియజేసిన వేళ' అని ఓ గడి ఉంది, దాన్ని దిద్దొచ్చు. పిలిచిన పావుగంటలో స్పందించాలని ఒప్పందం. మా మేనేజరు "అది కొంచెం సర్దు" అన్నాడు. 2:15 ఉన్నచోట 3:30 అని సర్దాను. ఒక్క అంకె కూడా కాదు, ఒక్క గడి.

నా స్పందన పదినిమిషాలైపోయింది. ఆ గంటంబావు ఎక్కడికో పోవాలిగా, అది ఆ కుర్రాడి మీద పడింది. బ్యాచ్ ఆగిన గంటంబావు దాకా ఫోన్ చెయ్యని ఆపరేటరు అని లెక్క తేలింది. టెట్లీ పడవ గుర్తుందా? అలా. వాడు నా సీటు దగ్గరకొచ్చి, "అన్నా, నేను చేశాను కదా" అన్నాడు. "చూస్తాలే" అన్నాను. ఆ రెండు మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి, రెండోది మరీనూ.

నాలుగు రోజులు నలిగి, నా ఫోన్లో మిస్డ్ కాల్స్ ఫొటో, సర్వర్లో నా లాగిన్ వేళ జతచేసి, తప్పు నాదని మెయిల్ పెట్టాను. రికార్డు సరిదిద్దారు. ఈలోపే వాణ్ణి ప్రాజెక్టు నించి తీసేశారు. తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఎందుకెత్తాలి?

గమనించండి, నిజం ఆ నాలుగు రోజులూ సర్వర్ లాగ్‌లో ఉంది. ఎవరూ చూళ్ళేదంతే. లాగ్ ఎంత నిజమైనదైనా తనంతట తను లేచి సాక్ష్యం చెప్పదు. ఎవరో ఒకరు పుస్తకం తెరవాలి. డేటాబేసులు మార్పు చేసేముందే దాన్ని లాగ్‌లో రాసుకుంటాయి, మధ్యలో కూలిపోతే లేచాక లాగ్ చూసుకుని తమని తాము సరిచేసుకుంటాయి. మనుషులకి ఆ ఏర్పాటు లేదు. నాలుగు రోజులు పడుతుంది, కొందరికి అంతకన్నా ఎక్కువ.

ఆ సాయంత్రం నాన్నకి దుంగ కథ, ముళ్ళ తాడు, దొంగ పుస్తకం అన్నీ చెప్పి, ఇదీ చెప్పాను. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొట్టివేత పక్కన సంతకం పెట్టావుగా. ఆలస్యంగా పెట్టావు. అదీ చిట్టాలో ఉంటుంది" అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. "అయితే రేపు ఆఫీసుకెళ్ళి, ఎవరి లాగిన్ అని కాదు, ఎవరి పేరు అని అడుగుతాను."

అడిగాడు. పేరు చెప్పడానికి వాళ్ళకి కొంచెం సేపు పట్టిందట, కానీ చెప్పారు. కాయితం ఇంకా రాలేదు. ఈసారి మాత్రం ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడో నాన్నకి తెలుసు.